కంపైలర్ లైబ్రరీలకు ‘జాగ్రత్త’ అన్న ఒక్క మాట సరిపోదు!

2018 ఫిబ్రవరి గుర్తుందా? ‘జ్ఞా’ అనే మన తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు క్రాష్ అయ్యేవి. తప్పు అక్షరానిది కాదు, దాన్ని స్క్రీన్ మీద చూపించే కోర్‌టెక్స్ట్ లైబ్రరీది. ముక్కూమొహం తెలియని వాళ్లు పంపిన టెక్స్ట్‌నైనా తట్టుకోవడం దాని పని. అందుకే యాపిల్ దాన్ని సెక్యూరిటీ లోపంగానే చూసి, ఐఓఎస్ 11.2.6లో సరిచేసింది.

మరి కంపైలర్? మణికొండలో మా పై ఫ్లోర్ కుర్రాడు, ఫోన్‌లోనే సీ ప్రోగ్రామ్‌లు ప్రాక్టీస్ చేసుకునే యాప్ తయారుచేస్తున్నాడు. స్టూడెంట్ రాసిన కోడ్‌ని సర్వర్‌లో క్లాంగ్ కంపైల్ చేస్తుంది. “అన్నా, రన్ చేసేది శాండ్‌బాక్స్‌లోనే. కంపైల్ మాత్రం బయట చేస్తున్నా, పర్లేదుగా?” అన్నాడు.

పర్లేదు అనలేకపోయాను. ‘ఇన్‌క్లూడ్’ లైన్‌లో సర్వర్‌లోని ఏదో ఫైల్ పేరు ఇస్తే చాలు, అందులోని లైన్లు ఎర్రర్ మెసేజ్‌లో బయటపడొచ్చు. దీనికి కంపైలర్‌లో బగ్ కూడా అక్కర్లేదు!

ఎల్‌ఎల్‌వీఎం ఈ విషయం దాచలేదు. హానికరమైన సోర్స్ ఫైల్‌ని తట్టుకునేలా క్లాంగ్ లాంటి భాగాలను గట్టిపరచలేదని తన సెక్యూరిటీ పాలసీలో రాసింది. జీసీసీ కూడా 2023లో ఇలాంటి ఫైలే చేర్చింది: నమ్మకం లేని కోడ్ అయితే శాండ్‌బాక్స్‌లో కంపైల్ చేసుకోండి అని. అన్ని దాడులనూ తట్టుకునేలా కంపైలర్‌ని మార్చమని నేనూ అడగను, అది ఏళ్ల పని.

నా కంప్లైంట్ ఆ మాటలు ఉన్న చోటు గురించి. బగ్ రిపోర్ట్ చేసేవాళ్లు చూసే పేజీని, లైబ్రరీని యాప్‌లో కలుపుకునే కుర్రాడు ఎందుకు తెరుస్తాడు? లైబ్రరీ వాడే విధానం చెప్పే మొదటి పేజీలోనే ఇలా ఉండాలి: “తెలియనివాళ్ల కోడ్ దీనికి నేరుగా ఇవ్వొద్దు. ఇవ్వక తప్పకపోతే విడి ప్రాసెస్‌లో, నెట్‌వర్క్ ఆపి, ఫైళ్లు అందకుండా, మెమరీకీ టైముకీ లిమిట్ పెట్టి నడపండి. ఆ బాధ్యత మీదే.” ‘జాగ్రత్త వహించండి’ అంటే ఎవరు, ఏం చేయాలో తెలీదు.

ఇది డెవలపర్ల గొడవే అనుకోకండి. వెబ్‌జీఎల్ గేమ్ ఓపెన్ చేస్తే, ఆ సైట్ పంపిన షేడర్ కోడ్ మీ ఫోన్‌లోనే కంపైల్ అవుతుంది. క్రోమ్ దాన్ని యాంగిల్‌తో ముందు తనిఖీ చేశాకే జీపీయూ డ్రైవర్‌కి ఇస్తుంది. బ్రౌజర్ వాళ్లకు ఈ సంగతి తెలుసు. మా కుర్రాడికి చెప్పాల్సింది లైబ్రరీ మొదటి పేజీ, పై ఫ్లోర్ నుంచి దిగొచ్చి నన్ను అడిగే పని ఉండకూడదు.