దాళ్వా మానేది ఎప్పుడు?

తుంగభద్ర డ్యాం 33 గేట్లూ మార్చాలి గనుక రెండో పంటకు నీళ్లివ్వలేమని 2025 నవంబరులో కర్ణాటక ప్రభుత్వం చెప్పేసింది. గంగావతి, కారటగి, సింధనూరు క్యాంపుల్లో మనవాళ్ల ధీమా ఒకటే. ఒక్క ఏడు ఓర్చుకుంటే మళ్లీ దాళ్వా వేసుకోవచ్చని. ఇక్కడే కాస్త ఆగి ఆలోచించాలి.

గేట్లదేముంది, మారుస్తారు. 2024 ఆగస్టులో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోతే వారం రోజుల్లోనే స్టాప్‌లాగ్‌లు దించి నీళ్లు ఆపారు. మరి పూడికో? మొదట్లో 132 టీఎంసీలకు పైగా పట్టిన జలాశయం ఇప్పుడు 105 చిల్లరే పడుతోంది. అసలు ఎడమ కాలువ కింద ఎక్కువ భాగం జొన్న, పత్తి లాంటి ఆరుతడి పంటలకని తలపెట్టిందే. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మన పెద్దలు నల్లరేగడిని చదును చేసి, మళ్లు కట్టి వరి పండించారు. ఈ ఊళ్లు లేచింది ఆ వరితోనే, కాదనలేం. కానీ పైన మనం రెండు పంటలూ వరే వేస్తుంటే కింద మాన్వి, రాయచూరు వైపు చివరి భూముల రైతు తడి కోసం ధర్నా చేయాల్సి వస్తోంది.

తొలి పంట వరి మానమనడం లేదు. మార్చాల్సింది దాళ్వా. అదీ వడ్ల డబ్బు చేతిలో ఉన్న ఏడు, ఒకటి రెండెకరాల్లో వేసి చూడాలి. కాలువ మూసిన ఏడు అప్పు తెచ్చి ఉన్న పొలమంతా శనగ చల్లడం జూదమే. దమ్ము చేసిన రేగడి ఆరిందంటే రాయి, వేరు దిగదు. వరి కోత ఆలస్యమైతే పదునూ పోతుంది. అందుకని తొలి పంటకే తక్కువ రోజుల రకం వేసుకోవాలి. ఇవన్నీ చేతికి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. దాళ్వా బాగా పండే రోజుల్లోనే మొదలు పెట్టాలనేది ఇందుకే.

కౌలు సంగతి మరీ చిక్కు. సాగుచేసేవాడు పంట మారుద్దామన్నా యజమాని వడ్ల బస్తాల లెక్కే చెబితే ఏం చేస్తాడు? దాళ్వా కౌలు విడిగా, తక్కువకు మాట్లాడుకునే పద్ధతి రావాలి. దీనికి క్యాంపు పెద్దలే పూనుకోవాలి, ప్రభుత్వం చేసేది కాదు.

గంగావతి వ్యవసాయ పరిశోధనా కేంద్రం వాళ్లను ఒక మాట అడుగుతున్నాం. క్యాంపుకో మడి ఎంచుకుని రైతు చేతే ఆరుతడి పంట వేయించి చూపించండి. వరి కోయకముందే రండి. కోతయ్యాక వస్తే పదునుండదు.