మొదటిదే బాగుందండీ!

తెలుగువాడూ తెల్లవాడూ ఒకే గొంతుతో అనే మాట ఒకటుంది. "ఆఁ, ఏముందండీ! మొదటిదే బాగుంది." రచయిత రెండో నవల రాస్తే ఈ మాట. వంటవాడు పులుసులో కొత్త దినుసు వేస్తే ఈ మాట. ఇక పాటగాడు కొత్త రికార్డు ఇచ్చాడా, అది పూర్తిగా తిరక్క ముందే ఈ మాట. దీనికి పైసా ఖర్చు లేదు, కూచుని విన్న శ్రమా లేదు. పైపెచ్చు అన్నవాడు ఆదినుంచీ అన్నీ ఎరిగున్న పాత కాపని నలుగురికీ తెలుస్తుంది. ఇంత చవగ్గా అంత పెద్దరికం మరెక్కడా దొరకదు. అంచేత ఇవాళ ఆ మాట మీద నాలుగు అక్షింతలు వేద్దామని కూచున్నాను.

ఉదాహరణకి మన సంగీత సభల దాకా పోను. పోతే నన్ను బతకనివ్వరు. సముద్రాలు దాటి అమెరికాలో షికాగో వెడదాం. అక్కడ 1981లో పుట్టిన మినిస్ట్రీ అనే బృందం వుంది. పేరు చూసి మంత్రివర్గం అనుకునేరు, కాదు. వాళ్లది ఇనప సంగీతం. దాన్ని ఇండస్ట్రియల్ మెటల్ అంటారు.

అందులో 'ఇండస్ట్రియల్' అన్న సగం ఇంగ్లండునించి వచ్చింది. 1976లో థ్రాబింగ్ గ్రిసిల్ అనే బృందం తన రికార్డుల కంపెనీకి ఇండస్ట్రియల్ రికార్డ్స్ అని పేరు పెట్టుకుంది. టేపులూ యంత్రాల రొదా వాళ్ల సరుకు. తర్వాత బెర్లిన్‌లో మరో బృందం బయల్దేరింది. వాళ్ల పేరుకి అర్థం 'కూలుతున్న కొత్త కట్టడాలు'ట! వాళ్లు రేకులూ డ్రిల్లు మిషన్లూ వేదికెక్కించారు. 1984 జనవరిలో లండన్ కచేరీలో ఆ బృందంవాళ్లూ స్నేహితులూ కలిసి వేదికనే తవ్వడం మొదలెట్టారు. మన పక్కవాద్యాలవాళ్లు ఎంత కోపమొచ్చినా ఇంత పని చెయ్యలేదు, వాళ్లని మెచ్చుకోవాలి.

ఇక 'మెటల్' అన్న సగం చరిత్ర కొంచెం నెమ్మదిగా చెప్పాలి. 1960ల నడుమ ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే కార్ఖానాల వూళ్లో టోనీ అయోమీ అనే పదిహేడేళ్ల కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గిటారు వాయించుకు బతుకుదామని వుద్యోగం వదిలేశాడు. సరిగ్గా ఆ ఆఖరి రోజునే యంత్రంలో పడి అతని కుడిచేతి నడిమి వేలూ, వుంగరపు వేలూ కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కనక తీగలు నొక్కే చెయ్యి అదే. మరొకడైతే గిటారు అమ్ముకునేవాడు. ఇతగాడు ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. సన్నతీగలు వేసుకున్నాడు. కొన్నాళ్లకి తీగలు వదులు చేసి శ్రుతే దించేశాడు. బ్లాక్ సాబత్ బృందం 1971 నాటి రికార్డులో గుండె అదిరించే ఆ బరువులో దిగిన శ్రుతికి పెద్ద వాటా వుంది. "ఇదేం సంగీతమండీ, కార్ఖానా మోత!" అని ఎవరైనా విసుక్కుంటే నాకు కోపం రాదు. పాపం, వాళ్లకి తెలీకుండానే చరిత్ర చెబుతున్నారు.

సరే, మినిస్ట్రీ సంగతి. దానికి పెద్ద ఆల్ యూర్గెన్సెన్, క్యూబాలో పుట్టి అమెరికాలో పెరిగిన మనిషి. 1983లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ 'విత్ సింపతీ'లో ఇనుమూ లేదు, తుప్పూ లేదు. మీటల వాద్యాల మీద నాజూకైన డ్యాన్సు పాటలు. ఇంగ్లండువాడి యాస కూడా అరువు తెచ్చుకుని పాడాడు. 1986లో 'ట్విచ్' వచ్చేసరికి ఆ నాజూకు మీద గరుకు లేచింది. 1988లో గిటారు ఝళిపించాడు. (ఆ రికార్డు పేరు పిల్లలున్న ఇంటికొచ్చే పత్రికలో అచ్చువెయ్యదగ్గది కాదు.) 1989లో మరికొంత, 1992లో 'సామ్ 69' నాటికి పూర్తిగా పిడుగుల వాన. అప్పటి అధ్యక్షుడు పెద్ద బుష్ ఉపన్యాసంలోంచి ముక్కలు కత్తిరించి పాటలో అతికించాడు. అమెరికాలో ఆ రికార్డు పది లక్షలు దాటింది. 1983లో అడుగులు వేసిన డ్యాన్సు జనం చెవులు మూసుకుని ఎప్పుడో ఇంటికెళ్లారు. వాళ్ల కుర్చీల్లో కొత్త జనం వచ్చి కూచున్నారు, కూచున్నారని మాటవరసకి అంటున్నాను గాని ఆ సంగీతానికి కూచునేవాళ్లెవరు!

అసలు వినోదం 1996లో. ఆ ఏడు మొదట్లో 'ఫిల్త్ పిగ్' వచ్చింది. ఎడంచేత్తో గేరు మార్చినట్టు వేగం మొత్తం దించేశాడు. యంత్రాల లయ, సినిమా డైలాగుల తునకలు తగ్గించి, గిటార్లని బురదలో ఈడ్చినట్టు నడిపించాడు. బాబ్ డిలన్ 1969 నాటి ప్రేమపాట ఒకటి తీసుకుని దానికీ ఈ బురద పూశాడు. రికార్డు అమెరికా పట్టికలో 19వ స్థానానికి ఎక్కింది. 'సామ్ 69' ఎక్కిన మెట్టు 27. అంటే జనం ఆత్రంగానే కొన్నారు. విన్నాక మొహాలు వేలాడేశారు. పెద్ద మోత కావాలని నాలుగేళ్లు ఎదురుచూసినవాళ్లకి మోత ఇచ్చాడు, బరువు రెట్టింపు చేసి మరీ ఇచ్చాడు, "ఇది కాదండీ మేమడిగింది" అన్నారు!

మరేమడిగారు? ఇక్కడే నా తగువు. వాళ్లకి కావలసింది బరువు కాదు, వేగం. ఈ రెండూ ఒకటేననే భ్రమలో వున్నారు. రోడ్డు రోలరు పరిగెత్తదు. అంతమాత్రాన దానికి బరువు లేదంటామా? మన చెవులకి ఈ తేడా కొత్త కాదు. క్షేత్రయ్య పదం చౌకకాలంలో పాడుతుంటే చూడండి, ఒక్కొక్క అక్షరం మోసుకురావడానికి గాయనికి ఎంత ఊపిరి కావాలో. దురితకాలంలో తప్పు దొర్లినా వెనకొచ్చే అక్షరం కప్పేస్తుంది. నెమ్మదిగా పాడేవాడికి దాక్కోను చోటు లేదు. క్షేత్రయ్యనీ యూర్గెన్సెన్‌నీ ఒక గాటన కట్టానని ఉత్తరాలు రాయకండి. కాలప్రమాణం మాట వరకే అంటున్నాను. అదే బర్మింగ్‌హామ్‌నించి గాడ్‌ఫ్లెష్ అనే ఇద్దరు మనుషులూ ఒక డ్రమ్ముల యంత్రమూ 1989లోనే ఈ సంగతి రుజువు చేశారు. వాళ్ల 'స్ట్రీట్‌క్లీనర్' పరిగెత్తదు, మీద కూచుంటుంది.

మా మేనల్లుడొకడున్నాడు. కంప్యూటర్ల ఉద్యోగం, చెవుల్లో ఎప్పుడూ ఈ సంగీతమే. నా చెవిలో వేసిందీ వాడే.

"1992 దే అసలు రికార్డు మావయ్యా. తర్వాతదంతా దండగ. పాట పరిగెత్తదు, ఈడుస్తుంది" అన్నాడు ఓసారి.

"ఒరేయ్, 1992కి నువ్వు పుట్టావురా?"

"లేదనుకో..."

"మరి నీకు మొదటిదేదో, తర్వాతదేదో ఎవరు చెప్పారు? రెండూ ఒకే వారంలో విన్నావుగా!"

వాడు కాసేపు ఆలోచించి, "అందరూ అంటారు కదా" అన్నాడు. చూశారా! అభిప్రాయం కూడా తాతల ఆస్తిలా వారసత్వంగా వస్తోంది. 1992లో ఇరవై ఏళ్లున్నవాడు ఆ రికార్డు కోసం కన్నీళ్లు పెట్టుకుంటే అర్థం చేసుకోవచ్చు. వాడు ఏడుస్తున్నది పాట కోసం కాదు, అప్పటి తన జుట్టు కోసం. ఆనాటికి పుట్టనివాడికి ఏం పోయిందని ఈ ఏడుపు?

శ్రోతకి హక్కు లేదని నేననను. డబ్బిచ్చి కొన్నాడు, నచ్చలేదనవచ్చు, అటక మీద పడెయ్యవచ్చు. 'ఫిల్త్ పిగ్'లో నాకూ రెండు పాటలు సాగదీసినట్టే వుంటాయి. కాని "మమ్మల్ని మోసం చేశాడు" అనడం ఏం న్యాయం? అతను ఏమని రాసిచ్చాడు గనక? కొన్నది రికార్డు, మనిషిని కాదు. ఇదే శ్రోతలు 1983నించి 1992 దాకా అతను తొమ్మిదేళ్లు మారుతూ వస్తేనే కదా 'సామ్ 69' అందుకున్నారు! తమ గుమ్మం ముందుకి వచ్చేదాకా మారడం ఒప్పు, గుమ్మం దాటితే తప్పు. 2004లో అతను మళ్లీ వేగం పెంచి, ఈసారి చిన్న బుష్ మీద విరుచుకుపడితే "ఇప్పుడు దారిలో పడ్డాడు" అని సంతోషించినవాళ్లున్నారు. తప్పిపోయిన కుర్రాడు ఇల్లు చేరినట్టు.

ఆ మాటకొస్తే యూర్గెన్సెన్ మాత్రం తక్కువ తిన్నాడా? ఏళ్ల తరబడి 'విత్ సింపతీ' పేరెత్తితే మండిపడేవాడు. కంపెనీవాళ్ల ఒత్తిడి వల్లే అది అలా తయారైందని చెప్పుకొచ్చాడు. శ్రోతలు "మొదటిదే బాగుంది" అంటే, ఈయన "మొదటిదే దరిద్రంగా వుంది" అన్నాడు. రోగం అదే, తిరగేసి పట్టుకున్నాడంతే. దాన్ని ఇష్టపడి దాచుకున్నవాళ్లు ఏమనుకోవాలి? పాట బయటికొచ్చాక దాని మంచిచెడ్డల్లో ఆఖరి మాట పాడినవాడిదీ కాదు.

ఇంతకీ 2025లో ఏం చేశాడనుకున్నారు? తిట్టిపోసిన ఆ పాత డ్యాన్సు పాటల్నే దుమ్ము దులిపి తీసి, గిటార్లు దట్టించి, 'ది స్క్విరెలీ ఇయర్స్ రీవిజిటెడ్' అని మళ్లీ రికార్డు చేశాడు. నాజూకు పాటలకి నలభై ఏళ్ల తర్వాత బరువెక్కించాడన్న మాట. నేను రెండుసార్లు విన్నాను, మూడోసారి వినేట్టే వున్నాను. ఈపాటికి ఎవడో ఒకడు గొంతు సవరించుకునే వుంటాడు, "ఏమన్నా అనండి, ఆ 1983 నాటి నాజూకు దీనికెక్కడిదండీ!" అని.