సిక్కా వద్దు, కితాబ్ కావాలి

2023లో ఎన్టీఆర్ పేరిట కేంద్రం వంద రూపాయల వెండి నాణెం తెచ్చింది. మన హైదరాబాద్ దాయిరతుల్ మఆరిఫ్‌కూ అలాంటి చాందీ సిక్కా అడుగుదామా? నేను వద్దంటాను.

1888లో పుట్టిన ఈ ఇదారా పాత అరబీ చేతిరాత ప్రతులను సరిచూసి అచ్చువేసింది. ఇబ్నె హజర్ ‘తహ్జీబుత్ తహ్జీబ్’ 12 జిల్దులు, అల్‌బిరూనీ ‘ఖానూనుల్ మస్ఊదీ’ 3 జిల్దులు ఇక్కడివే. అరబ్బు ఆలిములు కూడా దక్కన్ ముద్రణలే చదివారు.

మరి మన భీమ్‌గల్ ఇళ్లలో? అరబీ అంటే ఒకవైపు తిలావత్, ఇంకోవైపు గల్ఫ్ వెళ్లిన కొడుకు ఇఖామా, కఫీల్. మధ్యలోని ఇల్మ్ అంతా గాయబ్!

చాందీ సిక్కా మనకు కొత్త కాదు. ఉస్మాన్ అలీ ఖాన్ వెండి రూపాయి మీద, చార్మినార్ కమానులో ఆయన పేరుకు గుర్తుగా ‘ఐన్’ అక్షరం ఉండేది. ఆ రూపాయలు కొన్ని దాదీమాల సందూకుల్లో దాక్కున్నాయి, కొన్ని కరిగి పట్టీలయ్యాయి. ‘ఐన్’ పలికే పిల్లలు ఊరినిండా ఉన్నారు. ఆ అక్షరాలతో రాసిన కితాబు మతలబు చెప్పేవాళ్లే కరువు.

సర్కారును అడగాల్సింది దాయిరా కితాబులకు తెలుగు తర్జుమా, జిల్లా లైబ్రరీలో వాటికో అల్మారా. మనల్ని మనం అడగాల్సింది ఒక్కటే: వలీమాకు లక్షలు పోసే ఇంట్లో ఒక్క కితాబుకు జాగా లేదా?