పది ఇటుకల ఎత్తు

కిందటిసారి స్లాబు పడిందని, దాని మీద మడులు కట్టి నీళ్ళు నిలబెట్టామని చెప్పాను కదా! ఆ తర్వాత ఏమైందో రాయమంటూ మీలో చాలామంది ఉత్తరాలు రాశారు. ఇంటికేం, దివ్యంగా ఉంది. నలిగిందల్లా మేమే.

స్లాబుకి పధ్నాలుగు రోజులు నీళ్ళు పెట్టాం. బూడిద కలిపిన సిమెంటు, అదే పి.పి.సి. అంటారు చూడండి, అది వాడినప్పుడు కనీసం పది రోజులైనా తడి ఆరనివ్వకూడదట. మా రాజమండ్రి ఎండలకి పొద్దున నిలబెట్టిన నీళ్ళు మధ్యాహ్నానికల్లా మాయమైపోతుంటే, పదితో ఆపడానికి నాకు మనసొప్పలేదు. పొద్దున్నే టిఫిన్లు కానిచ్చి, క్యారేజీలు సర్ది, ఆటో ఎక్కి ధవళేశ్వరం వైపున్న మా స్థలానికి పోవడం, పైపు పట్టుకుని మడులన్నీ నింపి రావడం. నాట్లు వెయ్యడం ఒక్కటే తక్కువ!

ఆ తర్వాత సెంట్రింగు విప్పారు. గోడలు లేచాయి. ముగ్గు పోసిన రోజున గదులు అగ్గిపెట్టెల్లా కనిపించి నాకు ఏడుపొచ్చిందని మీకు రాశాను. గోడలు లేచాక చూస్తే ఫరవాలేదు, మంచం వేసినా మనిషి తిరిగే చోటు ఉంది. మీరూ ఇల్లు మొదలుపెడితే ముగ్గు చూసి బెంగ పెట్టుకోకండి.

ఇక ఈసారి సంగతి వంటింటి గట్టు. గట్టు గురించి రాయడానికేముంది, నాలుగు మూరల రాయేగా అనుకుంటున్నారేమో. ఆ రాయి మీదే మా ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు.

మావారికి ఒక లెక్కల పుస్తకం ఉంది. ఇసుక లారీ దగ్గర్నుంచి మేస్త్రీ గారి టీ డబ్బుల దాకా అన్నీ అందులో రాస్తారు. ఒకరోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు తిరగేశాను. తప్పే, ఒప్పుకుంటాను. అనుకున్నదానికన్నా ఖర్చు మూడు లక్షలు పెరిగిందని అప్పుడే తెలిసింది. బ్యాంకు వాళ్ళు అప్పు ఒక్కసారి ఇవ్వరు కదా, పని ఎంతవరకు అయిందో చూసి విడతలుగా ఇస్తారు. విడతకీ విడతకీ మధ్య మన చేతి డబ్బే తిరగాలి. అందుకని ఆయన ఖర్చులకి కత్తెర వేస్తూ ఒక పట్టీ రాశారు. హాలుకి ఫాల్స్ సీలింగ్ 30 వేలు, అది అలాగే ఉంది. ముందు గేటు అలాగే ఉంది. వంటగది అన్న చోట మాత్రం అడ్డంగా గీత కొట్టి, పక్కన 'తర్వాత చూద్దాం' అని ఉంది.

ఈ 'తర్వాత చూద్దాం' మీ ఇళ్ళల్లోనూ ఉంటుందనుకోండి.

సాయంత్రం అడిగాను. "ఇప్పటికి మేస్త్రీ గారు మామూలుగా కట్టే గట్టు కట్టించేద్దాం. 34 అంగుళాలు. దిగాక చేతిలో డబ్బు ఆడినప్పుడు అల్మారాలు అవీ బిగించుకోవచ్చు" అన్నారు. అల్మారాల గురించి నాకేం పట్టింపు లేదు. తలుపుల్లేని అరల ముందు చీరముక్క కట్టుకునైనా గడుపుతాను. కానీ కట్టిన గట్టుని తర్వాత కిందికి దించగలమా? నా ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. పదిహేడేళ్ళుగా అద్దె ఇళ్ళల్లో ఉన్నాం. ఇప్పుడున్న ఇంట్లో గట్టు 35 అంగుళాలు. పీట వేసుకుని దాని మీద నిలబడి వండుతున్నాను. రెండేళ్ళ కిందట సాంబారు గిన్నె దించుతుంటే పీట జరిగింది. ఎడం పాదం మీద మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పుడు మావారే పదిహేను రోజులు వండి పెట్టారు. ఆ గట్టు ఆయనకి బాగానే సరిపోయింది, అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి!

ఇదంతా చెప్పాను. "అందరిళ్ళల్లోనూ అంతే ఉంటుందోయ్, రేపు ఇల్లు అద్దెకిచ్చినా, కోడలొచ్చినా ఇబ్బంది ఉండకూడదు" అన్నారు. ఇంకా పుట్టని అద్దెవాళ్ళూ, పదో తరగతి చదువుతున్న మా వాడికి రాబోయే పెళ్ళామూ నాకన్నా ముందు లెక్కలోకి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. "నా నాలుగు గాజులూ ఆ స్లాబులో కలిసిపోయాయి. దాని కింద ఎక్కడో ఓ మూల నాకు సరిపడే గట్టు ఉండకూడదా?" అనేశాను.

అనకూడని మాట. ఆ గాజులు మా అమ్మ పెట్టినవి. స్లాబుకి ఇనుము కొనాల్సి వచ్చినప్పుడు తాకట్టు పెడదామని అన్నది నేనే, ఆయన వద్దన్నారు కూడా. ఇచ్చినప్పుడు సంతోషంగా ఇచ్చి, ఇప్పుడు ఎత్తిపొడవడం ఏం బాగుంటుంది? ఆయన కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. మూడు రోజులు పిల్లల ద్వారా మాట్లాడుకున్నాం. "నాన్నా, కాఫీ అక్కడుందిట." "అమ్మా, వచ్చేసరికి ఏడవుతుందిట." మీకు తెలియనిదేముంది!

మా అత్తయ్యగారు ఇలాంటి వాటిలో కలగజేసుకునే మనిషి కారు. మూడో రోజు రాత్రి మజ్జిగ తాగుతూ ఉన్నట్టుండి, "అబ్బాయ్, దర్జీ నీ చొక్కా కుట్టేటప్పుడు ఎవరి కొలత తీసుకుంటాడ్రా?" అన్నారు. ఆయన మాట్లాడలేదు. "మేం కింద కూచుని వండాం. మోకాళ్ళు అక్కడే పోయాయి. మీ ఆవిడ నిలబడి వండుతోంది, నడుమైనా మిగలనీ" అని గ్లాసు కడుక్కుని వెళ్ళి పడుకున్నారు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే మావారు, "చపాతీ పీట, కర్ర సంచిలో పెట్టు. కొంచెం పిండి కూడా కలుపు" అన్నారు. ఎందుకని అడగలేదు. మాట కలిసింది, అదే పదివేలు.

స్థలం దగ్గరికి వెళ్ళేసరికి కాపలా ఉండే అతని భార్య అన్నం వండుతోంది. మూడు వైపులా ఇటుకలు పేర్చి, మధ్యలో పుల్లలు పెట్టిన పొయ్యి. ముందు పీట వేసుకుని కూచుంది. ఆవిడ కూచున్న ఎత్తుకి పొయ్యి అచ్చం సరిపోయింది. "మొన్న రెండు వరసలే పెట్టానమ్మా, నడుం పట్టేసింది. ఇంకో వరస ఎక్కించా" అంది. మావారు నావైపు చూశారు. నేను గోడవైపు చూశాను.

ఇక మా ప్రయోగం వినండి. ఇది మాత్రం మీలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు తప్పకుండా చేసి చూడాలి, పైసా ఖర్చు లేదు. ఇటుక మందం మూడంగుళాలు. వంటింట్లో రెండు దొంతులుగా తొమ్మిదేసి ఇటుకలు పేర్చి, పైన సెంట్రింగు చెక్క ఒకటి వేశాం. చెక్క మందం అంగుళం. మొత్తం 28 అంగుళాలు. దాని మీద చపాతీ పీట పెట్టి నాలుగు చపాతీలు ఒత్తాను. నాలుగోదానికే నడుం వంగింది. పదకొండేసి ఇటుకలు పెట్టారు, అంటే మేస్త్రీ గారి 34. భుజాలు చెవులదాకా లేచాయి, కర్ర మీద బరువు పడడం లేదు. తర్వాత పదేసి ఇటుకలు. 31. చేతులు హాయిగా కిందికి వాలాయి. ఎనిమిది చపాతీలు ఒత్తినా ఏమీ తెలియలేదు. తర్వాత టేపు పెట్టి కొలిస్తే నా మోచెయ్యి 37 దగ్గర ఉంది. మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందికి గట్టు ఉంటే సుఖమని చెబుతారు, లెక్క సరిపోయింది. మీ మోచెయ్యి ఎక్కడుందో ఇవాళే కొలిచి చూసుకోండి.

అన్నట్టు, మొదటి విడత చెప్పులతో నిలబడి ఒత్తాను. వంటింట్లో చెప్పులేసుకుంటామా? విప్పి మళ్ళీ మొదట్నుంచీ చేశాను. కింద కంకర గుచ్చుకుని నానా అవస్థా పడ్డాను.

మావారు కూడా 31 దగ్గర నిలబడి చూసి, "మరి నేనెప్పుడైనా కాఫీ పెట్టుకోవాలంటే?" అన్నారు. ఒక్క కాఫీకి నడుం వంచితే ఏమీ కాదన్నాను. నవ్వారు. ఆ చపాతీలన్నీ కాపలా వాళ్ళ పొయ్యి మీదే కాల్చి, వాళ్ళ పిల్లలకి బెల్లంతో పెట్టాం.

అంతటితో అయిపోలేదు. సోమవారం మేస్త్రీ గారు వచ్చి 31 అంగుళాలకి గోడ మీద గీత గీశారు. ఆయన వెళ్ళాక ఎందుకో అనుమానం వచ్చింది. ఇప్పుడున్నది ఉత్త నేల. దాని మీద సిమెంటు పరుపు, ఆపైన టైల్సు పడాలి. నేల రెండంగుళాలైనా పైకొస్తుంది. అంటే నా 31 కాస్తా 29 అయిపోతుంది! ఇంత యుద్ధమూ చేసి చివరికి వంగి వండుకోవడమా? ఫోను చేస్తే, "నిజమేనమ్మా, మీరన్నది పూర్తయిన నేల నుంచా? నేను ఉన్న నేల నుంచి అనుకున్నా" అన్నారు. ఆయన తప్పు లేదు. ఎక్కడి నుంచి అన్నది మేం చెప్పనే లేదు. కనక మీరు ఏ ఎత్తు చెప్పినా, స్విచ్చిబోర్డయినా, సింకయినా, టైల్సు పడ్డాక ఉండే నేల నుంచి అని నొక్కి చెప్పండి.

పొయ్యి ఉండే చోట గట్టుని ఇంకో నాలుగంగుళాలు దించితే పప్పు గిన్నెలోకి తొంగి చూడడానికి బాగుంటుందని నాకో ఆశ ఉండేది. పొయ్యికి దాని ఎత్తు ఒకటి ఉంటుందిగా. కానీ మా సిలిండరుని రెగ్యులేటరుతో కలిపి కొలిస్తే 26 దాకా వచ్చింది. గట్టు మందం పోగా కింద పట్టదు. సిలిండరుని పడుకోబెట్టకూడదు, పొయ్యి కన్నా ఎత్తులోనూ ఉంచకూడదు. అందుకని ఆ ఆశ వదులుకున్నాను. దానికి బదులు సిలిండరు అరలో గోడకి కిందుగా, నేలకి ఆనుకుని ఒక కన్నం పెట్టించి జాలీ బిగించమన్నాను. వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేలబారుగా పరుచుకుంటుంది. కిటికీ ఎంత పెద్దదున్నా కింద దారి లేకపోతే అరలోనే కూచుంటుంది. జాలీ ఎందుకంటారా, ఎలుకలకి.

గట్టు మీదికి రాయి ఇంకా కొనలేదు. మా ఆడపడుచు వాళ్ళింట్లో తెల్లటి పాలరాయి వేయించారు. మొదటి ఏడాది చూడముచ్చటగా ఉండేది. ఇప్పుడు చింతపండు, నిమ్మకాయ పడినచోటల్లా మెరుపు పోయి మచ్చలే. పాలరాయికి పులుపు పడదు. కడప రాయీ సున్నపురాయి జాతిదే కనక దానికీ పడదు. అందుకే కింద అరలకి మాత్రం కడప రాయి, ఆవకాయ జాడీలు ఎన్ని పెట్టినా మోస్తుంది. పైన గ్రానైటు. ఒంగోలు దగ్గర చీమకుర్తిలో దొరికే నల్లరాయి, చుక్కలు చుక్కలుగా మెరిసేది, మావారికి నచ్చింది. ధర విని ఇద్దరం నోరు మూసుకున్నాం. వచ్చేవారం మళ్ళీ వెళ్తాం. సంచిలో ఒక నిమ్మకాయ వేసుకుని వెళ్తాను. ముక్క మీద రెండు చుక్కలు పిండి కాసేపు ఆగి తుడిస్తే రాయి సంగతి బయటపడుతుంది. కొట్టువాళ్ళు ఏమనుకున్నా సరే.

లెక్కల పుస్తకంలో ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ మీద గీత పడింది. ఆయనకి అది నచ్చిన సంగతి, నలుగురూ వచ్చినప్పుడు బాగుంటుందని మురిసిన సంగతి నాకు తెలుసు. కాబట్టి మెట్ల కింద నేను అడిగిన సామాన్ల గది వదిలేశాను. అక్కడ ఇన్వర్టరు, బ్యాటరీలు పెట్టుకుంటారట. బియ్యం బస్తా ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు. మీకేమైనా తోస్తే రాయండి. వంటిల్లు ఎనిమిదడుగులు, పదడుగులు, అటక ఒకవైపే ఉంది. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

రేపు ఎనిమిదింటికి గట్టు పని మొదలవుతుంది. ఇవాళ సాయంత్రం వెళ్ళి ఉన్న నేల నుంచి 33 దగ్గర, అంటే రేపటి నేల నుంచి 31 దగ్గర, సుద్దముక్కతో గీత గీశాను. ప్లాస్టరింగు తడికి చెరిగిపోతుందేమోనని మావారు మేకు తీసుకుని దాని మీదే ఇంకోసారి గీశారు.