నెల తర్వాత అంటే ఏ తేదీ?

కామాటిపురా చాళ్ళలో గోడకు కాలనిర్ణయ్, దాని పక్కనే ఊరి నుంచి తెచ్చుకున్న తెలుగు పంచాంగం ఉన్న ఇళ్ళు మనకు కొత్త కాదు. మరాఠీవారికీ మనకూ నెల అమావాస్యతో ముగుస్తుంది. అందుకే వారి గుడి పాడ్వా, మన ఉగాది ఒకే రోజున వస్తాయి. ఉత్తరాదివారికి నెల పున్నమితో సరి. కృష్ణాష్టమి మనకు శ్రావణంలో, వారికి భాద్రపదంలో. రోజు మాత్రం ఒకటే కనుక పండుగకు లోటు లేదు. డబ్బు లెక్కల్లో అలా సర్దుకోవడం కుదరదు.

బ్యాంకు ఖాతాలు దాచే డేటాబేస్‌లతో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్. పేరొకటే గాని, మన తెలుగులాగే దానికీ యాసలున్నాయి. ఇవాళ్టి తేదీ అడగాలంటే ఒరాకిల్‌లో సిస్‌డేట్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో గెట్‌డేట్, మైఎస్‌క్యూఎల్‌లో నౌ. మాట మారితే ఫరవాలేదు, మార్చి రాసుకోవచ్చు. లెక్కే మారితే?

ఏప్రిల్ 30కి ఒక నెల కలపమనండి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ మూడూ మే 30 అంటాయి. ఒరాకిల్‌లోని యాడ్ మంత్స్ మాత్రం మే 31 అంటుంది. నెలాఖరుకు నెల కలిపితే నెలాఖరే రావాలని దాని పట్టు. తప్పనలేం, అదొక పద్ధతి. కానీ బీకాంలో మేము చదువుకున్న 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 23వ సెక్షన్ ఈ తగువు ఎప్పుడో తీర్చింది. ప్రామిసరీ నోటుకు నెలల గడువుంటే అదే అంకె గల తేదీ చూడాలి. ఆ నెలలో ఆ తేదీ లేకపోతేనే నెలాఖరు. అంటే మే 30. దానిపైన మూడు గ్రేసు రోజులు వేరే సంగతి.

ఒకే మాటకు రెండర్థాలుంటే ఇంకా ప్రమాదం. 2008 డిసెంబర్ 31న పుట్టిన పిల్ల పేర మైనర్ ఖాతా ఉందనుకోండి. 2026 జనవరి 1న డేట్‌డిఫ్ అని మైఎస్‌క్యూఎల్‌ను అడిగితే 6210 రోజులంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను అదే మాటతో సంవత్సరాలు అడిగితే 18 అంటుంది! అది నిండిన ఏళ్ళు కాక, దాటిన జనవరి ఒకటో తేదీలను లెక్కపెడుతుంది మరి. పిల్లకు నిండినవి పదిహేడే. ఆ జవాబు నమ్మితే తండ్రి సంతకంతో నడిచే ఖాతా ఏడాది ముందే ఆగిపోతుంది.

అందుకే బ్యాంకు సాఫ్ట్‌వేర్ మారుతున్నప్పుడు నెలాఖరు డిపాజిట్లనూ, డిసెంబర్‌లో పుట్టిన మైనర్లనూ ముందుగా సరిచూడమంటాను. మీరు కూడా రశీదు తీసుకునేటప్పుడు ఎన్ని నెలలని మాత్రమే కాక, గడువు తీరే తేదీ అచ్చయిందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి.