ఆట స్థలంలో సీసా పెంకులు



సంక్రాంతి క్రికెట్ పోటీలు అయిపోయాక హైస్కూల్ మైదానంలో మిగిలేవి సీసా పెంకులు, సిగరెట్ పీకలు. బడి తెరిచాక అక్కడే మన పిల్లలు చెప్పుల్లేకుండా కబడ్డీ ఆడాలి.

2003 పొగాకు చట్టం ప్రకారం బడిలోనైనా స్టేడియంలోనైనా పొగ తాగితే 200 రూపాయల వరకు జరిమానా. బడికి 100 గజాల లోపు సిగరెట్లు అమ్మకూడదు. చట్టం ఉంది, అడిగేవాళ్లే లేరు. అయినా పోలీసులు వచ్చేదాకా మనం ఆగాలా? ఆడేవాళ్లలో మన యూత్ కూడా ఉన్నారు కదా!

పందెంలో పరుగెత్తేవాడి మితం గురించి పౌలు కొరింథీ సంఘానికి రాశాడు (1 కొరింథీ 9:25). మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023 ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్ డబుల్స్ బంగారు పతకం గెలిచాడు. అలాంటి ఆట ఆ మితం లేకుండా వస్తుందా?

తాగి వచ్చిన జట్టును, అది మన సంఘం జట్టయినా సరే, గ్రౌండులోకి దిగనివ్వకూడదని మేము అంటున్నాం. చందాలిచ్చిన పెద్దలు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.