మొదటి ఏడాది ఎవరి ఖర్చు?

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల అనంతపురం. చెనక్కాయ పంట మీద ఆశ పెట్టుకోలేని కుటుంబం పిల్ల చదువు మీద పెట్టుకుంటుంది. మద్రాసు గిండీలో 1946లో మొదలై 1948లో ఇక్కడికి వచ్చిన ఇంజనీరింగు కాలేజీ, 2008లో జె.ఎన్‌.టి.యు. అనంతపురంగా విశ్వవిద్యాలయమైంది. బెంగుళూరు రెండు వందల కిలోమీటర్ల దూరం. ఇంజనీరింగు చదివినవాళ్లూ, మామూలు డిగ్రీతో ఆగినవాళ్లూ కూడా వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటే బతుకుతామనుకుంటున్నారు. ఆ ఆశను వెక్కిరించడం మన పని కాదు.

ఈ పనికి ఒక మంచి గుణం ఉంది కూడా. వెబ్ పుట్టిన సెర్న్ సంస్థ 1993 ఏప్రిల్ 30న దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. పేజీ కట్టుబడికి హెచ్‌టీఎంఎల్, రూపానికి సీఎస్ఎస్, కదలికకు జావాస్క్రిప్ట్ - వీటిని నేర్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తెరిచిన పేజీ వెనకున్న కోడ్‌ను బ్రౌజర్‌లోనే చూడొచ్చు; ఎదురింటి ముగ్గు చూసి చుక్కలు లెక్కపెట్టి నేర్చుకున్నట్టే. అందుకే "కంప్యూటరు, నెట్టు ఉంటే ఎవరైనా చెయ్యొచ్చు" అంటుంటారు.

ఆ "ఎవరైనా" ఎవరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్నెట్ ఒక్కసారైనా వాడిన స్త్రీలు 21 శాతం. పురుషులు సుమారు 49 శాతం. ఆ తర్వాత ఫోన్లు మరికొన్ని చేతుల్లోకి వచ్చే ఉంటాయి. కానీ ఫోను చేతికి రావడం వేరు, కంప్యూటరు ముందు నాలుగు గంటలు ఎవరూ పిలవకుండా కూర్చోగలగడం వేరు. కోడ్‌లో ఒక్క తప్పు వెతకడానికే ఒక పూట పట్టొచ్చు. నీళ్లకనీ, పొయ్యి దగ్గరికనీ మధ్యలో లేచిన పిల్ల మళ్లీ మొదటికి రావాలి. అన్నకు ఆ సమయం హక్కుగా దొరుకుతుంది. చెల్లెలికి ఇంటిపని పోగా మిగిలితే దొరుకుతుంది. అదే సర్వేలో, 20-24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని తేలిన రాష్ట్రం మనది. "ఇంకో ఏడాది చూద్దాం" అనే మాట కూడా ఆడపిల్లకు ఊరికే రాదు.

సరే, నేర్చుకుంది. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. అమీర్‌పేటలోనో, బెంగుళూరులోనో కోచింగు ఫీజు, హాస్టలు అద్దె, ఆపైన "అనుభవం" కోసం జీతం లేని ఇంటర్న్‌షిప్పు. కొన్నిచోట్ల రెండేళ్లు కదలనని బాండు రాయించుకుంటారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటారు. ఉద్యోగమిప్పిస్తామని డబ్బు తీసుకుని మాయమయ్యేవాళ్ల సంగతి సరేసరి. ఈ ఖర్చంతా ఎక్కడినుంచి వస్తుంది? తల్లి మెడలోని బంగారం నుంచో, ఆమె డ్వాక్రా అప్పు నుంచో. అంటే సంస్థ భరించాల్సిన శిక్షణ ఖర్చును కరువు సీమలోని తల్లి వడ్డీతో సహా భరిస్తోంది. చెనక్కాయలు తెంపించుకుని "పని నేర్చుకుంటున్నావు కదా, కూలి ఎందుకు?" అంటే మన కూలీ అక్కలు ఊరుకుంటారా? ఏసీ గదిలో అయితే మాత్రం ఆ మాట న్యాయం ఎలా అవుతుంది?

పైగా చిన్నచిన్న పేజీలను ఇప్పుడు కృత్రిమ మేధ నిమిషాల్లో తయారుచేస్తోంది. కొత్తవాళ్లు చెయ్యి తిప్పుకునే పనులు అవే. తొలి మెట్టు ఎత్తు పెరుగుతోందన్నమాట.

(పేజీ రూపం దిద్దే పని ఆడపిల్లలకు బాగా కుదురుతుందని చెప్పే పెద్దమనుషులతో కాస్త జాగ్రత్త. 1946లో లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటరుకు ప్రోగ్రాములు సిద్ధం చేసింది ఆరుగురు స్త్రీలు. స్త్రీలు చేసినన్నాళ్లూ దాన్ని చిన్న పనిగానే లెక్కగట్టారు.)

అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉంది. 30 మంది, అంతకుమించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాలి, స్టైపెండు ఇవ్వాలి అని నిబంధన. "ఇంటర్న్" అని పేరు మార్చినంత మాత్రాన శ్రమ శ్రమ కాకుండా పోతుందా? బెంగుళూరు సంస్థలు ఈ జిల్లా పిల్లలకు చెల్లించిన స్టైపెండు ఎంతో లెక్క చెప్పమని కార్మిక శాఖను అడగాలి. ఊళ్లలో సాయంత్రం దాకా తెరిచివుండే గ్రంథాలయాలనూ, వాటిలో స్త్రీలకంటూ కేటాయించిన కంప్యూటర్లనూ అడగాలి. 1992లో దూబగుంట స్త్రీలు సారాను ఎదిరించడానికి ముందు వాళ్లు కలిసి కూర్చుని అక్షరాలు దిద్దుకున్న రాత్రి బడి ఒకటి ఉంది. ఆడవాళ్లు ఇంటి బయట కూర్చుని నేర్చుకోవడానికి చోటంటూ ఉండాలి కదా.

బస్సెక్కే పిల్లలకు ఒక సంగతి తప్పక చెప్పి పంపండి. పనిచోట లైంగిక వేధింపులపై 2013 చట్టం పర్మినెంటు ఉద్యోగినులకే పరిమితం కాదు; ట్రైనీలకు, జీతం లేకుండా పనిచేసేవాళ్లకు కూడా వర్తిస్తుంది. పది మందికి తక్కువ ఉన్న ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండదు. అప్పుడు ఆ జిల్లా స్థానిక కమిటీకి మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. ఆ కమిటీ చిరునామా హాస్టలు చిరునామాతోపాటే రాసి ఇవ్వండి.